చౌక టికెట్టు విమానాలు ఎందుకు మునిగాయి? యూరప్ చిన్న కంపెనీల చరిత్ర

ఈ గ్రూపులో మనం ఎక్కువగా మన పోరాటాల చరిత్రే రాసుకుంటాం. ఈసారి దూరం సంగతి ఒకటి తీసుకున్నాం. మనలో చాలామందిమి విమానాన్ని ఆకాశంలో చూసినోళ్లమే గానీ ఎక్కినోళ్లం కాదు. అయినా ఈ చరిత్రలో ఒక ప్రశ్న ఉంది: ముందే డబ్బు కట్టినోడు చివరికి ఏమవుతాడు? అది మనకు కొత్త ప్రశ్న కాదు.

ఒకప్పుడు యూరప్‌లో విమానం అంటే డబ్బున్నోళ్ల ప్రయాణం. ఏ కంపెనీ ఏ దారిలో తిరగాలి, టికెట్టు ఎంత ఉండాలి అన్నది ప్రభుత్వాలు, పెద్ద కంపెనీలు కూర్చుని తేల్చేవి. దాన్ని గట్టిగా ఎదిరించినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రెడ్డీ లేకర్. 1966లో కంపెనీ పెట్టాడు. లండన్ నుంచి న్యూయార్క్‌కు చౌక విమానం నడుపుతానని 1971లో అనుమతి అడిగితే, అది చేతికొచ్చి విమానం ఎగిరేసరికి 1977 సెప్టెంబర్ 26 అయింది. ఆరేళ్లు ఆఫీసులు, కోర్టుల చుట్టూ తిరగడమే. టికెట్టు 59 పౌన్లు. ముందు రిజర్వేషన్ లేదు, లైన్లో నిలబడి కొనుక్కోవడమే. మామూలు జనం అట్లాంటిక్ సముద్రం దాటారు.

ఐదేళ్లు తిరక్కుండానే, 1982 ఫిబ్రవరి 5న, ఆ కంపెనీ మూతపడింది. అప్పు దాదాపు 27 కోట్ల పౌన్లు. ఎందుకలా అయింది? కారణాలు ఒకటి కాదు. 1979లో చికాగోలో ఒక డీసీ-10 విమానం కూలింది. దాంతో ఆ రకం విమానాలన్నిటినీ వారాల తరబడి ఆపేశారు. లేకర్ దగ్గర ముఖ్యమైనవి అవే. తర్వాత మాంద్యం వచ్చింది. ఇంకో దెబ్బ అప్పు రూపంలో తగిలింది. విమానాల కోసం తెచ్చిన అప్పు డాలర్లలో, టికెట్ల డబ్బు ఎక్కువగా పౌన్లలో. 1980 చివర్లో పౌనుకు 2.40 డాలర్ల దాకా వచ్చేది, 1982 మొదట్లో 1.90 కంటే కిందికి పడిపోయింది. కొత్త అప్పు తేకుండానే తీర్చాల్సింది పెరిగిపోయింది. అదే టైములో పెద్ద కంపెనీలు లేకర్ రేటుకే టికెట్లు అమ్మడం మొదలుపెట్టాయి. నష్టం వచ్చినా అవి తట్టుకోగలవు, లేకర్ తట్టుకోలేడు. తనని ముంచడానికి వాళ్లు కుమ్మక్కయ్యారని కేసు నడిచింది. 1985లో ఆ కంపెనీలు డబ్బు కట్టి రాజీ చేసుకున్నాయి. కానీ అప్పటికి లేకర్ విమానం లేదు.

1990ల్లో యూరోపియన్ యూనియన్ తలుపులు తెరిచింది. 1993 నుంచి రేట్లు కంపెనీల ఇష్టం. 1997 నుంచి ఒక దేశం కంపెనీ ఇంకో దేశం లోపల కూడా విమానాలు నడపొచ్చు. డజన్ల కొద్దీ చిన్న కంపెనీలు పుట్టాయి. 1985లో 15 సీట్ల విమానంతో మొదలైన ఐర్లండు రయాన్‌ఎయిర్, 1995లో మొదలైన ఈజీజెట్ పెద్దవయ్యాయి. మిగతా చాలా కంపెనీలు రాలిపోయాయి. డెబొనేర్ 1999లో, డెన్మార్క్ స్టెర్లింగ్ 2008లో, స్లొవేకియా స్కైయూరప్ 2009లో, మోనార్క్, ఎయిర్ బెర్లిన్ 2017లో, ప్రిమేరా 2018లో, ఐస్‌లాండ్ వావ్ ఎయిర్ 2019లో, ఫ్లైబీ 2020లో.

ఈ వ్యాపారం లోపల ఎలా ఉంటుందో చూద్దాం. మన దగ్గర షేర్ ఆటో నిండితేనే కదులుతుంది. విమానం సగం ఖాళీగా ఉన్నా టైముకి ఎగరాలి. ఆయిలు, పైలట్ జీతం, ఎయిర్‌పోర్టు ఫీజు, విమానం అద్దె ఏవీ తగ్గవు. ఎండాకాలంలో వచ్చిన డబ్బుతో చలికాలం గడవాలి. ఆ చలికాలంలో చేతిలో ఆడేది ఎక్కువగా రాబోయే ఎండాకాలానికి జనం ముందే కట్టిన టికెట్ల డబ్బే. కంపెనీ కష్టాల్లో ఉందని పుకారు వస్తే కార్డు చెల్లింపులు చూసే సంస్థలు ఆ డబ్బును తమ దగ్గరే ఆపుకుంటాయి. అక్కడితో ఊపిరి ఆగిపోతుంది. 2009 డిసెంబర్‌లో స్కాట్లాండ్ ఫ్లైగ్లోబ్‌స్పాన్ మునిగినప్పుడు దాని డబ్బు చాలా అలాగే ఇరుక్కుని ఉంది.

లేకర్ జబ్బే 35 ఏళ్ల తర్వాత మోనార్క్‌కూ వచ్చింది. ఆయిలు, విమానాల అద్దె డాలర్లలో. 2016లో బ్రెగ్జిట్ ఓటు తర్వాత పౌను పడింది. ట్యునీషియా, ఈజిప్టు దాడుల తర్వాత ఆ దారులు మూసుకుపోయాయి. అందరూ స్పెయిన్ వైపే మళ్లి రేట్లు కోసుకున్నారు. 2017 అక్టోబర్ 2న మోనార్క్ ఆగేసరికి దాదాపు 1,10,000 మంది పరాయి దేశాల్లో ఉన్నారు. బ్రిటన్ ప్రభుత్వమే వేరే విమానాలు పెట్టి వాళ్లను ఇంటికి తెచ్చింది.

ఇక్కడ చట్టం సంగతి గమనించాలి. హోటలు, విమానం కలిపి ప్యాకేజీ కొన్నవాళ్లకు కంపెనీ మునిగినా రక్షణ ఉంటుంది. టికెట్టు ఒక్కటే కొన్నవాళ్లకు చాలాసార్లు ఆ రక్షణ లేదు. అప్పులవాళ్ల లైన్లో వాళ్లు వెనకాల ఉంటారు. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకు ముందుంటుంది. ఫ్లైబీ ఆగిపోయినప్పుడు నష్టపోయింది టికెట్టు కొన్నవాళ్లే కాదు. బెల్‌ఫాస్ట్ సిటీ ఎయిర్‌పోర్టులో ఎక్కువ విమానాలు దానివే. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ఊళ్లకు దారులు తెగిపోయాయి. ఊరికి వచ్చే ఒక్క బస్సు రద్దయితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చిన్నోడు పెద్దోడితో పోటీ పడడం తప్పని ఈ చరిత్ర చెప్పట్లేదు. పెద్దయిన రయాన్‌ఎయిర్ కూడా మొదటి ఏళ్లలో నష్టాల్లోనే ఉంది. ఒకే రకం విమానం, తక్కువ ఫీజు ఎయిర్‌పోర్టులు, దిగిన విమానం 25 నిమిషాల్లో మళ్లీ ఎగరడం, ఇలా ముందు ఖర్చు తగ్గించుకుంది. ధర తగ్గించడం ఎవడైనా చేస్తాడు. ఖర్చు తగ్గకుండా ధర తగ్గిస్తే ఆ తేడా ఎవరో ఒకరు మోయాలి. యూరప్‌లో దాన్ని మోసింది ముందే టికెట్టు కొన్నవాళ్లు, నెల జీతం మీద బతికే ఉద్యోగులు.

మన ఊళ్లలో ఇప్పుడు వన్ ధన్ కేంద్రాలు, మహిళా సంఘాలు, రైతు కంపెనీలు పెడుతున్నారు. లెక్కల పుస్తకం చాలాసార్లు చదువుకున్న మన చేతికే ఇస్తారు. అప్పుడు మూడు ప్రశ్నలు మనమే అడగాలి. డబ్బు రాని నెలల్లో దేనితో నడుస్తుంది? అప్పు షరతులు మన చేతిలో ఉన్నాయా, వేరేవాళ్ల చేతిలోనా? మునిగితే మొదట ఎవరి డబ్బు పోతుంది? మూడో ప్రశ్నకు జవాబు 'మన అమ్మానాన్నలది' అయితే, సంతకం పెట్టకముందే ఆ మాట గ్రామసభలో గట్టిగా చెప్పాలి.

జోహార్.