జీప్‌కి లిఫ్ట్ చేయించారా? కొత్త డ్రైవ్‌షాఫ్ట్ కొనే ముందు ఇవి చూసుకోండి!

జీప్ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేస్తే ఆ లుక్కే వేరు. కానీ బండి కింద తిరిగే డ్రైవ్‌షాఫ్ట్ సంగతి చాలామంది పట్టించుకోరు. హైవేపై స్పీడ్‌లో ఉండగా అది విరిగితే, పక్కనే ఉన్న గేర్‌బాక్స్‌ని, పైపులని కొట్టేసే ప్రమాదం ఉంది. అందుకే లిఫ్ట్ చేసిన బండికి షాఫ్ట్ మార్చాల్సి వస్తే ఏం చూడాలి? 2007 నుంచి 2018 వరకు వచ్చిన జీప్ రాంగ్లర్ జేకే మోడల్‌ని ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం.

అసలు సమస్య ఇదే..

ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు, వెనుక యాక్సిల్స్‌కి పవర్ తీసుకెళ్లేది ఈ షాఫ్టే. మన గ్యారేజీల్లో దీన్నే ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. జేకేలో కంపెనీ ఇచ్చిన షాఫ్ట్‌కి ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు సీవీ జాయింట్, దానిపై రబ్బర్ బూట్ ఉంటాయి. బండి ఎత్తు పెరిగితే షాఫ్ట్ వాలు పెరుగుతుంది. బూట్ ఒరుసుకుని చిరుగుతుంది, గ్రీజు బయటికి పోతుంది, దుమ్ము లోపలికి చేరుతుంది. ఆ తర్వాత జాయింట్ ఎక్కువ రోజులు నిలవదు. జేకేలో టూ వీల్ డ్రైవ్‌లో నడిపినా ముందు షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఆఫ్‌రోడ్‌కి వెళ్లకపోయినా అరుగుదల తప్పదు.

బండి అడుగున గ్రీజు చిమ్మిన మరకలు, టక్ టక్ శబ్దం, స్పీడ్ పెరిగితే వైబ్రేషన్.. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

ముందు కోణం, తర్వాతే బలం

లావు షాఫ్ట్ కొంటే సరిపోతుందనుకుంటే పొరపాటే. మామూలు యూ-జాయింట్ వంపులో తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉంటేనే ఆ తేడా రద్దవుతుంది. లిఫ్ట్ చేసిన బండికి ఎక్కువగా వాడేది డబుల్ కార్డన్ షాఫ్ట్. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు రెండు జాయింట్లు ఆ వంపుని పంచుకుంటాయి. అయితే దీనికి యాక్సిల్ పినియన్ దాదాపు నేరుగా షాఫ్ట్ వైపు చూడాలి. వెనుక పినియన్‌ని 1 నుంచి 2 డిగ్రీలు కిందికి ఉంచుతారు. ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కితే అది పైకి లేస్తుంది. ఈ సెట్టింగ్ కోసం అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్స్ కావాలి. ముందు యాక్సిల్‌ని తిప్పితే మాత్రం క్యాస్టర్ తగ్గి స్టీరింగ్ నిలకడ దెబ్బతింటుంది. అక్కడ మధ్యేమార్గం తప్పదు.

1310 తీసుకోవాలా.. 1350 తీసుకోవాలా?

ఇవి యూ-జాయింట్ సైజులు. 1310 క్రాస్ వెడల్పు 3.219 అంగుళాలు, క్యాప్ వ్యాసం 1.062 అంగుళాలు. 1350లో ఇవి 3.625, 1.188 అంగుళాలు. మోస్తరు టైర్లతో వీకెండ్ ట్రిప్పులకి 1310 చాలు. భారీ టైర్లతో రాళ్లెక్కించేవాళ్లకి 1350 మేలు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. షాఫ్ట్ మరీ గట్టిదైతే దెబ్బ యాక్సిల్ లోపలి గేర్లకి తగులుతుంది. దారిలో షాఫ్ట్ మార్చుకోవచ్చు, గేర్లు మార్చడం కష్టం.

ఆర్డర్ ఇచ్చే ముందు..

* లిఫ్ట్, టైర్లు, కంట్రోల్ ఆర్మ్స్ పని పూర్తయ్యాకే కొలవండి. సమతలంపై నాలుగు చక్రాల మీద బండి నిలబడి ఉండాలి.
* చక్రాలు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు జాయింట్ పట్టేస్తోందా, షాఫ్ట్ ఊడేంత సాగుతోందా చూడండి.
* 2012 తర్వాతి ఆటోమేటిక్ జేకేల్లో ముందు షాఫ్ట్ ఎగ్జాస్ట్ పైపుకి తగలొచ్చు. ఆ గ్యాప్ చెక్ చేయించండి.
* గ్రీజు పెట్టే వీలున్న జాయింట్లైతే నీళ్లు, బురదలోంచి వచ్చాక తప్పకుండా గ్రీజు పెట్టాలి.

థార్ ఉన్నవాళ్లకి..

2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంటుంది. లిఫ్ట్ చేస్తే ముందుగా ఇబ్బంది పడేది చక్రాల దగ్గరి సీవీ జాయింట్లే. ప్రొపెల్లర్ షాఫ్ట్ మార్చినా అది తీరదు. లిఫ్ట్ ఎత్తు తక్కువగా ఉంచడమే మందు. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో కనుక్కోవడం మంచిది.