ముందుకెంత, వెనక్కెంత?

మొదట్లో చాలా కార్లకి వెనక చక్రాలకే బ్రేకులుండేవి. ముందు చక్రాలకి పెడితే బండి పల్టీ కొడుతుందని భయం! 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. ఆ దశకంలో ఇంగ్లండులో నాలుగు బ్రేకుల కార్ల వెనక ఎర్ర త్రికోణం తగిలించేవారు, ‘చటుక్కున ఆగుతాను, ఎడంగా రండి’ అన్నట్టు.

మరి బ్రేకుని నాలుగింటికీ సమానంగా పంచితే సరా? కాదు. బస్సాగితే మనం ముందుకి తూలుతామే, కారు బరువూ అలాగే ముందుకి ఒరుగుతుంది. తేలికపడ్డ వెనక చక్రాలు ముందే బిగుసుకుపోతే బండి గిర్రున తిరుగుతుంది.

మా తమ్ముడు నాన్నగారి పాత అంబాసిడర్‌కి ముందు డిస్కు బ్రేకులు వేయించాడు. వెనక పాత డ్రమ్ములే. డిస్కులకి ఒత్తిడి ఎక్కువ కావాలి. వాటికోసం పెంచిన ఒత్తిడి డ్రమ్ములకీ పోయింది. తొలకరి వానలో బ్రేకు తొక్కగానే బండి అడ్డం తిరిగింది. వెనక సీట్లో అమ్మ! అదృష్టం, ఎదురుగా ఎవరూ రాలేదు.

తర్వాత వెనక్కి పోయే ఒత్తిడిని తగ్గించే వాల్వు బిగించారు. సంగతి విని అమ్మ నవ్వింది. “ఇంతేనా! ఎవరి ఆకలినిబట్టి వాళ్ళకి వడ్డించాలని మాకెవరు చెప్పారే?”