70 కిలోల కొలమానం

క్షతగాత్రుల వైద్యంలో స్థూలకాయం తెచ్చిపెట్టే చిక్కు రక్తపోటు చూడటంతోనే మొదలవుతుంది. ఇటలీ వైద్యుడు షిపియోనె రివా-రోచి 1896లో చేతికి చుట్టే గాలిపట్టీతో రక్తపోటు కొలిచే పరికరం తయారుచేశాడు. ఆ పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లే. అంత సన్నటి పట్టీ ఉన్నదానికన్నా ఎక్కువ అంకె చూపిస్తుందని 1901లో జర్మనీకి చెందిన హైన్రిష్ ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ తేల్చి, వెడల్పు పట్టీ వాడమన్నాడు. చెయ్యి లావయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. మామూలు రోగికైతే దీనివల్ల ఒక మాత్ర అదనంగా పడుతుందేమో. కడుపులో రక్తం కారిపోతున్న క్షతగాత్రుడి విషయంలో అలా సరిపెట్టుకోలేం. పడిపోతున్న రక్తపోటు కూడా బాగానే ఉన్నట్టు కనబడుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు వైద్యం, వాహన భద్రత రెండూ సన్నటి మగమనిషినే కొలతగా పెట్టుకున్నాయి. రేడియేషన్ రక్షణ అంతర్జాతీయ సంఘం 1975లో ప్రకటించిన ప్రామాణిక పురుషుడి బరువు 70 కిలోలు. కార్లను గుద్దించి చూసే పరీక్షల కోసం జనరల్ మోటార్స్ 1976లో తెచ్చిన హైబ్రిడ్-3 బొమ్మ సుమారు 78 కిలోలు తూగేది. క్షతగాత్రులకు మొదటి గంటలో ఏం చెయ్యాలో వరసగా నేర్పే ఏటీఎల్ఎస్ శిక్షణ కూడా అమెరికాలోని నెబ్రాస్కాలో 1978లో, ఈ కొలతలు రాజ్యమేలుతున్న రోజుల్లోనే పుట్టింది.

లెక్కలు ఆలస్యంగా వచ్చాయి. మొద్దుదెబ్బలు తిన్నవారిపై 1991లో అమెరికాలో అచ్చయిన అధ్యయనంలో, బాగా లావున్నవారిలో 42 శాతం మంది చనిపోయారు. మామూలు బరువున్నవారిలో మరణాలు 5 శాతమే. ఆ గుంపు చిన్నది కాబట్టి అంకెను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు గానీ, ఊపిరితిత్తుల సమస్యలే ఎక్కువన్న మాట గమనించదగ్గది. మరుసటేడు వచ్చిన మరో పరిశీలనలో లావుపాటివారికి పక్కటెముకలు, కటి ఎముకలు ఎక్కువగా విరిగాయి, తల, కాలేయం దెబ్బలు తక్కువగా తగిలాయి. పొట్ట మీది కొవ్వు దెబ్బను కొంత ఆపుతుందన్న ‘దిండు’ వాదం 2003లో ఇలాంటి లెక్కల మీదే నిలబడింది. అయితే ఆ అధ్యయనంలోనే ఊబకాయుల మరణాలు ఎక్కువని కూడా తేలింది.

ఊపిరి సంగతి పడుకోబెట్టగానే బయటపడుతుంది. వెల్లకిలా ఉంటే పొట్ట బరువు ఊపిరితిత్తుల్ని పైకి నొక్కుతుంది, ఆక్సిజన్ నిల్వ త్వరగా తరిగిపోతుంది. ఊపిరి గొట్టం వేసేముందు చెవి, రొమ్ముఎముక ఒకే ఎత్తులో ఉండేలా తల, భుజాల కింద దుప్పట్లు పేర్చితే దారి బాగా కనబడుతుందని 2004లో రుజువైంది. మెడ ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే తలెత్తి పెట్టడం కుదరదు. అప్పుడు మంచాన్నే తలవైపు ఎత్తి వాల్చాలి.

సీటీ యంత్రాల సంగతి ఇంకా మొరటుగా ఉండేది. 70 సెంటీమీటర్ల రంధ్రం, దాదాపు 200 కిలోలు మోసే బల్ల చాలాకాలం మామూలు. అందులో పట్టని మనిషికి స్కాన్ లేదు, అంతే. అల్ట్రాసౌండ్‌తో చూద్దామంటే కొవ్వు పొరల్లో ఆ తరంగాలే మసకబారతాయి. 300 కిలోలు మోసే వెడల్పాటి యంత్రాలు తరవాత వచ్చాయి.

మార్పు స్పష్టంగా కనబడేది ఒక సూదిలో. ఊపిరితిత్తి చుట్టూ గాలి నిండి గుండెను నొక్కేస్తుంటే, రొమ్ము పైభాగంలో రెండో పక్కటెముక కింద సూది గుచ్చి గాలి వదలాలని దశాబ్దాలపాటు నేర్పారు. మామూలుగా వాడే 5 సెంటీమీటర్ల సూది లావుపాటివారిలో చాలాసార్లు కండ, కొవ్వు దాటి లోపలికి చేరదు. పని అయిందనుకుంటారు, గాలి మాత్రం అక్కడే ఉంటుంది. 2018లో వచ్చిన ఏటీఎల్ఎస్ పదో కూర్పు పెద్దలకు ఆ చోటును చంక కింద, నాలుగో ఐదో పక్కటెముకల సందుకు మార్చింది. అక్కడ పొర సాధారణంగా పల్చన. 8 సెంటీమీటర్ల సూదులూ వాడుకలోకి వచ్చాయి.

గుద్దుడు పరీక్షల బొమ్మకూ బరువు పెరిగింది. హ్యూమనెటిక్స్ సంస్థ 2014లో దాదాపు 124 కిలోల బొమ్మను చూపించింది. లావుపాటి మనిషికి సీటుబెల్టు కటి ఎముక మీద కాక మెత్తటి పొట్ట మీద పడుతుందని, కారు ఆగినా దేహం ముందుకు జారుతుందని అప్పటికే తెలుసు.

ఇంతకీ లావని ఎక్కడ గీత గీయాలి? భారతదేశంలో 2009 మార్గదర్శకాలు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే సూచిక) 25 దాటితే ఊబకాయమనే అన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత 30. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడోవంతుకు పైగా ఆ 25 దాటినవారే. ఈ 25 గీత మధుమేహం, గుండెజబ్బుల ముప్పును చూసి గీసింది. క్షతగాత్రుల వార్డులో అసలు లెక్క రొమ్ము గోడ మందం, చేతి చుట్టుకొలత, బల్ల మోయగల బరువు.