వేటకుక్కలు - వేటధర్మము

అనంతపురపు మెట్టనేలలో చాటు తక్కువ. ఉచ్చు పన్ని ఊపిరి బిగబట్టి కూర్చున్న వానికి దూరమున కుక్క మొరిగిన చాలు, ఆనాటి వేట చెడినట్లే. కుక్కలవాని వాదము వేఱు: జాడ పట్టినది నా కుక్క, కావున మృగము నాది.

మృగమెవరిదను తగవు పాతదే. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) వెలసిన లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద కిరాతార్జునీయ కథ చిత్రింపబడియున్నది. పందిని ఇరువురు ఒకేమారు కొట్టిరి. ముందు గుఱి పెట్టినది నేనని కిరాతుడు. వేటధర్మము తప్పితివని అర్జునుడు. ఒకవంక ఒంటరి విలుకాడు, ఒకవంక పరివారముతో వచ్చిన వేటదొర. సాక్షాత్తు శివుడే కలహించినచోట మన పల్లెవారు కలహించుట వింత గాదు.

ఇక కుక్క పక్షమున సాక్ష్యము పొరుగు కన్నడసీమలో, మండ్య ప్రాంతపు ఆతకూరు శాసనమున (క్రీ.శ. 949–50) కలదు. తక్కోల యుద్ధమున పరాక్రమించిన మణలేరుడు గంగరాజు బూతుగుని కోరిన వరము, కాళి యను వేటకుక్క. అది పెద్ద పందితో పోరగా రెండును చచ్చినవి. కాళికి శిల నిలిపి, పూజకు పొలమిచ్చిరి. వేటలో కుక్కకు వాటా ఉన్నదని ఇంతకంటె గట్టిగా చెప్పిన శాసనము నేనెరుగను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ భేదమును పాటించినది: నీటిపక్షులు, చకోరము, కౌజు, పూరేడు తప్ప మఱి దేనిని కుక్కల సాయమున వేటాడరాదనెను. 1991 సవరణలో లైసెన్సు వేటయే రద్దు కాగా ఆ నిబంధనయు పోయినది. ఉచ్చువాడు, కుక్కలవాడు ఒకే సెక్షను క్రిందికి వచ్చిరి.