చమురు ధర కన్న బిడ్డలు: కొన్ని మరచిపోయిన బండ్ల కథ

సెలవులకు హైదరాబాదు వెళ్ళిన మనవాళ్ళు పిల్లలను చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకువెళ్ళి, అక్కడి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్‌ను చూపించకుండా రారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరిచ్చి, అది చేతికి రాకముందే 1911లో కన్నుమూశారు. వెనుక సింహాసనం వంటి ఆసనంతో తయారైన ఆ బండి ఏడవ నిజాముకు దక్కింది. రాచవేడుకలకే వాడేవారు కనుక అది తిరిగింది బహు తక్కువ. అంత తక్కువ తిరిగింది కాబట్టే ఇంత చక్కగా మిగిలింది.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నవి ఆ జాతి కార్లు కావు. వీటికి సింహాసనాలు లేవు, మ్యూజియములు లేవు. కొన్ని కొద్ది సంవత్సరాలు రోడ్డెక్కి తుక్కు కొట్లలో కలిసిపోయాయి. కొన్ని నమూనాలుగానే ఆగిపోయాయి. అయితే వాటి పుట్టుకకూ, మనం అన్నం తింటున్న ఈ కువైట్ దేశానికీ దగ్గర సంబంధం ఉంది. ఆ సంబంధం మన పిల్లలకే కాదు, మనలో చాలామందికీ తెలియదు.

నేను వైద్యుణ్ణి, మోటార్ల విద్య నాకు రాదు. కాని ఒక జబ్బు ఎప్పుడు పుట్టింది, ఎందుకు వ్యాపించింది, ఎలా తగ్గింది అని అడగడం మా వృత్తి నేర్పిన అలవాటు. ఈ బండ్ల విషయంలోనూ అదే పద్ధతిలో అడిగి చూశాను.

మొదట ఊరి సంగతి. నగరానికి దక్షిణంగా దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో, సౌదీ సరిహద్దు పక్కన ఉంది వఫ్రా. నగరంలో ఉండేవారికి వఫ్రా అంటే టమాటాలు, దోసకాయలు పండే తోటలు. కాని 1922లో ఉఖైర్ ఒప్పందం గీసిన తటస్థ మండలంలో ఇదీ భాగమే. రెండు దేశాలూ సమానంగా అనుభవించాలన్న ఆ నేలలో, 1953లో ఇక్కడే చమురు పడింది. మండలాన్ని 1970 నాటికి పంచుకున్నా, చమురు మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది. అంటే మన టమాటా మడుల అవతల ఉన్నది లోకంలో కార్లన్నిటినీ నడిపించే సరుకన్నమాట.

ఇక అసలు తేదీ. 1973 అక్టోబరు 16న గల్ఫ్ చమురు దేశాల ప్రతినిధులు కువైట్‌లో సమావేశమై, పీపా ధరను 3.01 డాలర్ల నుంచి 5.11 డాలర్లకు పెంచారు. మర్నాడు, 17న, ఇదే ఊళ్ళో అరబ్బు చమురు మంత్రులు కూర్చుని ఉత్పత్తిని నెలనెలా 5 శాతం చొప్పున తగ్గించాలని తీర్మానించారు. 1974 జనవరి 1 నాటికి పీపా ధర 11.65 డాలర్లు. మూడు నెలల్లో దాదాపు నాలుగింతలు! ఒక నగరంలో రెండు రోజుల్లో జరిగిన మాటలు ప్రపంచంలోని ప్రతి కార్ల కంపెనీ గీతల బల్ల మీదికీ చేరాయి.

దాని మొదటి ఫలితం కువైట్ వాళ్ళ ఇంటిముందే కనిపించింది. ఇక్కడి వాళ్ళకు ఎంతో ఇష్టమైన షెవర్లే క్యాప్రిస్ 1976 దాకా 7.4 లీటర్ల ఇంజనుతో కూడా దొరికేది. 1977లో అమెరికాలో దాన్ని కొత్తగా గీసి, దాదాపు 10 అంగుళాలు పొట్టి చేశారు, బరువూ బాగా తగ్గించారు. కువైట్‌లో చేసిన నిర్ణయం అమెరికా చుట్టివచ్చి, కువైట్ వీధిలోని కారునే చిన్నది చేసింది.

క్యాప్రిస్‌ను ఎవరూ మరచిపోలేదు, సరే. మరచిపోయినవాటిని చూడండి. ఫ్లోరిడాలో సెబ్రింగ్ వాన్‌గార్డ్ అనే చిన్న కంపెనీ 1974లో సిటీకార్ అనే విద్యుత్ బండిని తెచ్చింది. జున్నుముక్కను ఏటవాలుగా కోసి చక్రాలు బిగించినట్టుండే ఆకారం, ఇద్దరికే చోటు, సీటు కింద సీసపు బ్యాటరీలు. 1977 వరకు రెండువేల పైచిలుకు తయారై ఆగిపోయింది. ఇంగ్లండులోని వైట్ దీవిలో మొదలై, గ్రీసు దేశపు సిరోస్ దీవికి మారిన ఎన్‌ఫీల్డ్ 8000 కూడా విద్యుత్ కారే. అవి మొత్తం సుమారు 120 మాత్రమే తయారయ్యాయి. ఇంగ్లండులోనే రిలయంట్ కంపెనీ 1975లో కిటెన్ అనే ఫైబర్‌గ్లాసు కారు చేసింది. 848 సీసీ అల్యూమినియం ఇంజను, చాలా తేలికైన బండి. పెట్రోలు పొదుపే దాని సుగుణం. ఏడేళ్ళలో నాలుగువేలకు కొద్దిగా పైన తయారై ఆగింది. ఈ కిటెన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మనవైపే వస్తుంది.

అమ్మకానికి రాని నమూనాలలో ఒకటి చెప్పి తీరాలి. 1976లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వారు నగరానికి తగిన టాక్సీ ఎలా ఉండాలో తయారుచేసి చూపమని కంపెనీలను పిలిచారు. ఇటలీకి చెందిన జుజారో ఆల్ఫా రోమియో పక్షాన ఒక టాక్సీ గీశారు. పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ, పక్కకు జరిగే తలుపు, చక్రాల కుర్చీతో సహా ఎక్కే వీలు. దాన్ని ఎవరూ కొనలేదు, ఏ కంపెనీ తయారు చేయలేదు. కాని తర్వాతి కాలంలో మన కుటుంబాలు ఎక్కి తిరిగిన పొడుగు కార్లను పక్కన నిలబెడితే పోలిక ఇట్టే తెలుస్తుంది. బండి పోయినా ఆలోచన వేరే ఇళ్ళలో పెరిగింది.

ఇక మన దేశం. అప్పటికి కారు అంటే మూడే పేర్లు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. చిన్నకారు కావాలన్న కోరిక పాతదే. ఎల్.కె. ఝా అధ్యక్షతన 1959లో వేసిన కమిటీ నుంచి ఆ మాట నానుతూనే ఉంది. మహారాష్ట్రలో శంకర్‌రావ్ కులకర్ణి సొంతంగా 'మీరా' అనే చిన్నకారు నమూనాలు ఒకదాని తర్వాత ఒకటి చేశారు. కర్మాగారం గడప మాత్రం దాటలేదు. సంజయ్ గాంధీకి 1970లో అనుమతి వచ్చింది, 1971లో మారుతి లిమిటెడ్ వెలిసింది. ఆ కంపెనీ జనానికి కారు అందించకుండానే 1978లో మూతపడింది.

ఇంతలో పెట్రోలు మండింది. ఆ రోజుల్లోనే బెంగుళూరులో సన్‌రైజ్ ఆటో ఇండస్ట్రీస్ వారు 'బాదల్' తెచ్చారు. ముందు ఒక చక్రం, వెనుక రెండు. వెనుక భాగంలో 198 సీసీ ఇంజను, అంటే స్కూటరు కంటే కొద్దిగా పెద్దది. ఒళ్ళంతా ఫైబర్‌గ్లాసు. ఎడమవైపు రెండు తలుపులు, కుడివైపు డ్రైవరుకు ఒకటి. ఆటోరిక్షాకూ కారుకూ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డలా ఉండేది. నవ్వినవాళ్ళు చాలామంది ఉంటారు. కాని అంబాసిడరు 1489 సీసీ ఇంజనుతో తాగే పెట్రోలును తలచుకుంటే, నలుగురున్న గుమాస్తా కుటుంబం వానలో తడవకుండా వెళ్ళడానికి ఎంత యంత్రం కావాలన్నదే బాదల్ వేసిన ప్రశ్న. అది నవ్వవలసిన ప్రశ్న కాదు.

ఆ కంపెనీయే 1980లలో సిపానీ ఆటోమొబైల్స్ అయి 'డాల్ఫిన్' చేసింది. అది మరేదో కాదు, పైన గుర్తుపెట్టుకోమన్న కిటెన్! ఇంగ్లండులో పని ముగించుకున్న పిల్లి బెంగుళూరు వచ్చి డాల్ఫిన్‌గా మారింది. తేలికైన బండి కనుక కార్ల పందేలలో పేరు తెచ్చుకుంది. కాని 1983 డిసెంబరు 14న కొత్త మారుతి ఉద్యోగ్ వారి మారుతి 800 మొదటి తాళాలు చేతులు మారాయి. సుజుకీ వారి పరిజ్ఞానం, ప్రభుత్వ పెట్టుబడి, ఉక్కు శరీరం, నాలుగు తలుపులు. రెండు తలుపుల ఫైబర్ కారు దాని ముందు నిలబడలేకపోయింది.

మన తెలుగునేల మీద ఈ కథ కార్లతో కాక స్కూటర్లతో, లారీలతో నడిచింది. 1942లో పుట్టిన హైదరాబాదు అల్విన్‌ను మనం రిఫ్రిజిరేటర్లకు, గడియారాలకు, బస్సులకు గుర్తుపెట్టుకున్నాం. అల్విన్ పుష్పక్ స్కూటరు ఎందరికి గుర్తుంది? లక్నోలోని స్కూటర్స్ ఇండియా 1972లో ఇటలీ లాంబ్రెటా యంత్రాలను కొని తెచ్చింది. ఆ వంశపు స్కూటరుకు మనవాళ్ళు రావణుడి దగ్గర్నుంచి రాముడెక్కిన విమానం పేరు పెట్టుకున్నారు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందన్న ఆ విమానం పేరు, భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో వెళ్ళే బండికి సరిగ్గా సరిపోయింది.

తర్వాత 1980లలో అల్విన్ వారు జపాను నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్నలారీల కర్మాగారం పెట్టారు. నిస్సాన్ క్యాబ్‌స్టార్ అక్కడ అల్విన్ నిస్సాన్ అయింది. అప్పట్లో నాలుగు జపాను కంపెనీలు ఇలా వచ్చాయి: డి.సి.ఎం.తో టొయోటా, స్వరాజ్‌తో మాజ్దా, ఐషర్‌తో మిత్సుబిషి, అల్విన్‌తో నిస్సాన్. తక్కువ డీజిలుతో ఎక్కువ దూరం అన్నదే వాటి ఆకర్షణ. కాని 1985లో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో కుదిరిన ఒప్పందంతో యెన్ విలువ ఒక్కసారి ఎగిసింది. డాలరుకు 240 దగ్గర ఉన్న యెన్ ఏడాదిలో 150 దగ్గరికి వచ్చింది. జపాను నుంచి తెచ్చుకునే ప్రతి భాగం ధరా పెరిగిపోయింది. అటు టెల్కో వారు 1986లో సొంతంగా 407 లారీ దించారు. అల్విన్ నిస్సాన్ 1989లో మహీంద్రా చేతికి వెళ్ళింది, కొన్నాళ్ళకు ఆ పేరూ పోయింది. జహీరాబాదు లారీ భవిష్యత్తును న్యూయార్క్ హోటలు నిర్ణయించింది, బెంగుళూరు బాదల్ పుట్టుకలో కువైట్ సమావేశానికి పాలు దక్కింది. మనం చిన్న ఊళ్ళ చరిత్ర అనుకునేది ఎప్పుడూ అంత చిన్నది కాదు.

ఇక్కడికి వచ్చే రోగులలో తోట పనివారు, పికప్ డ్రైవర్లు ఎక్కువ. ఒకసారి నడుము నొప్పితో వచ్చిన మెదక్ వైపు డ్రైవరును, బండి ఎప్పటినుంచి నడుపుతున్నావని అడిగాను. "మా బాపు అల్విన్ నిస్సాన్ నడిపెటోడు సార్, ఆ బండి మీదనే నేర్చిన" అన్నాడు. దాని గేరు ఎటు పడుతుందో, ఎత్తు ఎక్కేటప్పుడు ఎలా మొరాయిస్తుందో చేత్తో చూపించి మరీ చెప్పాడు. ఏ పుస్తకంలోనూ లేని చరిత్ర ఆ చేతిలో ఉంది.

ఇంతకీ ఇవన్నీ ఎందుకు మరుగున పడ్డాయి? నాసిరకం కనుక అనడం తేలిక. కొన్ని నాసిరకమే కావచ్చు. మా వృత్తిలో ఇనుప ఊపిరితిత్తి అనే యంత్రం ఉండేది. పోలియోతో ఊపిరి ఆడనివారిని మెడదాకా అందులో పడుకోబెట్టేవారు. 1928లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. 1950లలో వార్డుల నిండా అవే. 1955లో సాల్క్ టీకా వచ్చాక జబ్బే తగ్గింది, యంత్రాలు గోదాముల పాలయ్యాయి. అది చెడ్డ యంత్రమని ఎవరూ అనరు. దాని అవసరం తీరిపోయింది, అంతే. చిన్నబండ్లకూ జరిగింది చాలామటుకు అదే. 1980 నాటికి 30 డాలర్లు దాటిన పీపా ధర 1986లో 10 డాలర్ల దగ్గరికి పడింది. పెట్రోలు పొదుపు అనే జబ్బు తగ్గిందనుకుని లోకం మందు సీసాలు పారేసింది.

జబ్బు మాత్రం తగ్గలేదు. సిటీకార్ ఆగిపోయిన పాతికేళ్ళకు, 2001లో, బాదల్ పుట్టిన బెంగుళూరులోనే రేవా అనే చిన్న విద్యుత్ కారు వచ్చింది. లండన్ వీధుల్లో జీ-విజ్ పేరుతో తిరిగింది. 2010లో దాన్నీ మహీంద్రా వారే తీసుకున్నారు. 2023లో ఆ సంస్థ, అల్విన్ నిస్సాన్ నుంచి వచ్చిన జహీరాబాదు కర్మాగారాన్ని విద్యుత్ మూడు చక్రాల బండ్ల కోసం 1,000 కోట్ల రూపాయలతో విస్తరిస్తామని తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మూడు చక్రాలు, తక్కువ ఖర్చు, నలుగురికి సరిపోయే యంత్రం: బాదల్ అడిగిన ప్రశ్నే మళ్ళీ వచ్చింది. ముందు అడిగినవాళ్ళ పేర్లు మాత్రం మనకు గుర్తులేవు. గుర్తుండి ఉంటే, ఫైబరు శరీరం గురించీ, దిగుమతి భాగాల మీద ఆధారపడటం గురించీ వాళ్ళు డబ్బు పోగొట్టుకుని నేర్చిన పాఠాలు మనకు ఉచితంగా దొరికేవి.

చమురు జీతంతో పిల్లలను చదివిస్తున్న మనకు ఈ చరిత్రలో కొంత బాధ్యత ఉందని నా అభిప్రాయం. నిజాముల కార్లను ప్రభుత్వాలూ ట్రస్టులూ చూసుకుంటాయి. పుష్పక్‌ను, అల్విన్ నిస్సాన్‌ను, బాదల్‌ను చూసుకునేవారు లేరు. వాటి చరిత్ర మన ఇళ్ళ ఇనప్పెట్టెల్లో ఉంది: పాత ఆర్‌సీ పుస్తకాలు, కొన్న రోజున బండి పక్కన నిలబడి దిగిన ఫొటోలు, మెకానిక్కు రాసిచ్చిన చీటీలు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళను అడగండి. ఏ సంవత్సరం కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎన్నాళ్ళు ఎదురుచూశారు, లీటరుకు ఎంత ఇచ్చేది, చివరికి ఎవరికి అమ్మారు. ఈ అయిదు సంగతులు ఒక కాగితం మీద రాసి మన సంఘానికి అందజేస్తే, అందినవన్నీ చేర్చి ఇదే పత్రికలో వరుసగా అచ్చువేద్దాం. అడగవలసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆలస్యం చేయవద్దని వైద్యుడిగా నా సలహా.