ఉల్లిపాయ రంగు వెనక కథ

ఈ వారం నేను చెప్పబోయేది ఉల్లిపాయ రంగు చరిత్ర. ఉల్లిపాయకి చరిత్రేమిటని నవ్వకండి. నా చేత ఇదంతా చదివించింది మా అమ్మ బీపీ.

కిందటేడు అమ్మ గుంటూరు నుంచి మాంచెస్టర్‌లో మా ఇంటికి వచ్చింది. ఇక్కడ ఒక కొట్లో క్వెర్సెటిన్ అనే కాప్సూళ్ళ సీసా కనబడితే, మంచిదట కదా అని కొనిచ్చాను. రెండు వారాలయ్యాక చూద్దును కదా, ఆవిడ బీపీ మాత్రలు మానేసి ఇవి మాత్రమే వేసుకుంటోంది! "నువ్వే కదే మంచిదన్నావు, రెండూ ఎందుకని మానేశాను" అంది. బీపీ బాగా పెరిగిపోయింది. డాక్టరు గారు నాకు చీవాట్లు పెట్టారు. తప్పు నాదే.

"ఇంతకీ అందులో ఏముందే?" అని అడిగింది అమ్మ. ఉల్లిపాయలో ఉండే పసుపు రంగేనని చెప్పాను. "ఓస్, ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదని మనవాళ్ళు ఊరికే అన్నారా!" అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రంగు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో తెలుసుకోవాలనిపించింది.

ఈ కథ మన మాంచెస్టర్ మీదుగానే సాగింది. 1920లలో ఇక్కడి విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రాబిన్సన్ అనే రసాయన శాస్త్రవేత్త పువ్వులకు రంగెలా వస్తుందో పరిశోధించేవారు. ఆయన దగ్గర చదువుకుని 1929లో డాక్టరేటు పొందిన వారిలో టి. ఆర్. శేషాద్రి ఒకరు. పుట్టింది తమిళనాట అయినా, 1930లలో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాఖను నిలబెట్టింది ఆయనే. ఆయనా ఆయన శిష్యులూ పత్తి పూలు, గోగు పూలు తెచ్చి, వాటి పసుపు రంగుల అణువులు ఎలా కట్టి ఉన్నాయో తేల్చారు. అవన్నీ ఉల్లిపాయలోని క్వెర్సెటిన్‌కు దగ్గర చుట్టాలే. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం మా గుంటూరుకి తరలి వెళ్ళింది. మా ఊళ్ళో పుట్టి పెరిగి కూడా ఈ సంగతి నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే ఈ రంగులు మందని ఒక మాట పుట్టింది. 1936లో హంగరీలో ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జి బృందం ఇవి సన్నని రక్తనాళాలకు బలమిస్తాయని చెప్పి, విటమిన్ పి అని పేరు పెట్టింది. మరుసటి ఏడే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, అది వేరే పనికి. కానీ ఈ రంగులు లేకపోతే ఫలానా జబ్బు వస్తుందని ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. 1950లో ఆ విటమిన్ పేరు వదిలెయ్యమని అమెరికన్ శాస్త్రజ్ఞుల సంఘాలే సలహా ఇచ్చాయి. అంటే, మా అమ్మ పడిన పొరపాటు అంతకుముందే ప్రపంచం ఒకసారి పడి లేచిందన్నమాట!

మరి తిన్న రంగంతా ఎటు పోతుంది? 1956లో అమెరికాలో కొందరు పరిశోధకులు క్వెర్సెటిన్ తిన్న జంతువుల, మనుషుల మూత్రం పరీక్షిస్తే, చిన్న చిన్న ఆమ్లాల ముక్కలు కనిపించాయి. మొత్తం అణువు ఆకారం ముందే తెలుసు కాబట్టే అవి దాని ముక్కలని పోల్చుకోగలిగారు. అంతకుముందు రసాయన శాస్త్రవేత్తలు చేసిన పని విలువ అది.

ఆ ముక్కలు చేసేదెవరు? 1972లో గ్రిఫిత్స్, బారో అనే ఇద్దరు, పేగుల్లో సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు ఇలాంటి రంగులు తినిపించారు. మామూలు ఎలుకల్లో కనబడే ముక్కలు వీటిలో కనబడలేదు. రహస్యం బయటపడింది. మనం అరిగించుకోలేక వదిలేసిన రంగును పెద్దపేగులోని బాక్టీరియా విరగ్గొడుతుంది. ఆ ముక్కలే రక్తంలో కలుస్తాయి. యూబాక్టీరియం రామ్యులస్ అనే సూక్ష్మజీవికి ఈ పని బాగా వచ్చు.

అందరి పేగుల్లోనూ ఒకే రకం బాక్టీరియా ఉండదు. అంచేత ఒకే ఉల్లిపాయ నాకిచ్చే ముక్కలు వేరు, అమ్మకిచ్చేవి వేరు. కాప్సూల్ అందరికీ ఒకేలా పనిచేస్తుందని సీసా మీద చూసి నమ్మడం తెలివితక్కువ. పైగా కొన్ని మందులతో అది పడకపోవచ్చు కూడా. డాక్టరుని అడక్కుండా వేసుకోకండి, పెద్దవాళ్ళకి అసలే ఇవ్వకండి.

కూరల్లో ఉన్న రంగు ఒంటరిగా రాదు, పీచుతో వస్తుంది. బాక్టీరియాకు ఆ పీచే పెద్ద భోజనం. తెల్లన్నం, తెల్ల బ్రెడ్డు, వేయించిన బంగాళాదుంప మాత్రమే తినే మన పిల్లల పళ్ళెం చూసుకోండి ఒకసారి. అందులో రంగేదీ?

అమ్మ ఇప్పుడు బీపీ మాత్ర మానకుండా వేసుకుంటోంది. ఉల్లిపాయ మాత్రం పులుసులో నిండుగా వేస్తోంది. తల్లి చేసే మేలు ఉల్లి చెయ్యకపోయినా, ఇద్దరూ కలిస్తే భోజనం బాగుంటుంది. సెలవు.