కల్పిత ద్వీపానికి తీరం

దేశపటంలో తీరరేఖ సామాన్యమైన గీతవలె కనిపిస్తుంది. దాని పొడవెంత అని అడిగినప్పుడే చిక్కు వస్తుంది. ఇంగ్లండుకు చెందిన వాతావరణ శాస్త్రజ్ఞుడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ (1881–1953) యుద్ధాన్ని ఏవగించుకొన్న క్వేకరు. సరిహద్దులకూ యుద్ధాలకూ గల సంబంధాన్ని పరిశోధిస్తూ ఆయన గ్రంథాలు తిరగవేయగా, స్పెయిన్–పోర్చుగల్ సరిహద్దు ఒకచోట 987 కిలోమీటర్లని, వేరొకచోట 1,214 కిలోమీటర్లని కనిపించింది. ఇది ఎవరి పొరపాటూ కాదు. కొలబద్ద చిన్నదైనకొద్దీ చిన్న వంకరలు కూడ లెక్కలోకి వచ్చి పొడవు పెరుగుతుంది. ఈ పరిశోధన ఆయన మరణానంతరం 1961లో అచ్చయింది. 1967లో బెన్వా మాండెల్‌బ్రాట్ దీనిని ఆధారం చేసికొని, గీతకు 1, తలానికి 2 పరిమాణమైతే, బ్రిటన్ పశ్చిమతీరానిది సుమారు 1.25 అని చూపాడు.

వంకరలకు ఒక నియమం ఉన్నదంటే, ఆ నియమంతో కొత్త వంకరలను పుట్టించవచ్చును గదా! అమెరికాలో బోయింగ్ విమానసంస్థలో పనిచేసిన లోరెన్ కార్పెంటర్ ఆ పనే చేశాడు. త్రిభుజపు భుజాల మధ్యబిందువులను యాదృచ్ఛికంగా పైకో క్రిందికో జరపడం, ఏర్పడిన చిన్న త్రిభుజాలతో మళ్ళీ అదే చేయడం, ప్రతిసారీ జరిపే మేర తగ్గించడం. ఇంతే! ఇట్లా కంప్యూటరు గీసిన పర్వతాలను 1980లో 'వోల్ లిబ్ర్' అనే రెండు నిమిషాల చిత్రంలో చూపి, 1982లో ఫూర్నియే, ఫస్సెల్‌లతో కలిసి వ్యాసం ప్రకటించాడు. ఆ నేలను కొంత ఎత్తువరకు నీటితో నింపితే చాలు, సమోన్నతరేఖవలె తీరం తనంత తానే ఏర్పడుతుంది.

కాని కథలకూ ఆటలకూ కల్పిత దేశాలను గీసేవారికి ఇది చాలదు. రేవు ఇక్కడ, అఖాతం అక్కడ అని వారు తీరాన్ని ముందే చేతితో గీస్తారు. కొండలను పుట్టించే యాదృచ్ఛిక సంఖ్యలకు ఆ గీత సంగతి తెలియదు. ఫలితంగా శిఖరాలు ఒడ్డున, కత్తితో కోసిన బెల్లపు దిమ్మలవలె, నిలువునా తెగిపోతాయి.

ఇక్కడ ఆదుకొన్నది 1966లో రోజెన్‌ఫెల్డ్, ఫాల్ట్స్ అనే శాస్త్రజ్ఞులు వేరే అవసరానికై ప్రకటించిన లెక్క. పటాన్ని గడులుగా విభజించి, ముందునుంచి ఒకసారి, వెనుకనుంచి ఒకసారి తడివితే ప్రతి గడికీ తీరం ఎంత దూరమో తేలుతుంది. ఆ దూరాన్ని బట్టి ఎత్తును తగ్గిస్తే ఒడ్డున నేల సున్నకు దిగుతుంది. దూరానికి సమానపాతంలో తగ్గిస్తే మాత్రం తగ్గింపు ముగిసేచోట మడత కనిపిస్తుంది. అందుచేత దూరాన్ని 0 నుంచి 1 వరకు తీసికొని, దాని వర్గానికి మూడు రెట్లలోనుంచి ఘనానికి రెండు రెట్లు తీసివేస్తారు. పావు దూరంలో 1/4కు బదులు 5/32 వస్తుంది. సగంలో 1/2 మారదు. రెండు కొనలలోను వాలు సున్న కనుక మడత ఉండదు. విద్యార్థులు గ్రాఫు కాగితంపై గీసి చూడవచ్చును.

అయినా పట్టీ వెడల్పు అంతటా ఒకటే అయితే ద్వీపానికి చీర అంచు కుట్టినట్లుంటుంది. ప్రకృతి అట్లా లేదు. విశాఖవద్ద డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకే చొచ్చుకొని ఉన్నది. కృష్ణా గోదావరుల డెల్టాలలో నేల మైళ్ళకొలది చదునే. కనుక కెన్ పెర్లిన్ 1985లో ప్రకటించిన, మెల్లమెల్లగా మారే యాదృచ్ఛిక విలువలతో ఆ వెడల్పును చోటుచోటుకూ మార్చవచ్చును. 1989లో మస్‌గ్రేవ్, కోల్బ్, మేస్‌లు వాననీరు నేలను కోసి మట్టిని పల్లానికి చేర్చడాన్ని కూడ లెక్కలోకి తెచ్చారు. తీరం సర్దిన తరువాత ఈ లెక్కను నడిపితే, వాగులు తాము కోసుకొన్న లోయల వెంట ఒడ్డుకు దిగుతాయి.